వంగి లేచే తీగ

ఆయుధపూజ నాడు పొద్దున్నే తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, చేటనిండా బంతిపూలతో వచ్చిన స్వరూపను గోవిందమ్మ షెడ్డు గేటు దగ్గరే ఆపేసింది.

"నువ్వు గాడనే ఉండు బిడ్డా. పూజ అయినంక పిలుస్త."

మెత్తగానే అంది. పూల చేట మాత్రం చేతిలోంచి తీసుకుంది. పూలకు దోషం ఉండదు కాబోలు.

గోవిందమ్మ షెడ్డు యజమాని బుచ్చయ్యకు తల్లి. మొగుడు పోయిన ఆడది పూజ దగ్గర నిలబడితే పనిముట్లకు అరిష్టమని ఆమె గట్టి నమ్మకం. ఆమె మొగుడూ పోయి చాలా ఏండ్లయింది. కానీ షెడ్డు ఆమె కొడుకుది. సొంత షెడ్డులో అరిష్టం ఎవరికీ అంటదు.

స్వరూప గేటు పక్క బండ మీద కూర్చుంది. ఎదురుగా రోడ్డు మీద శ్రీశైలం పోయే బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. లోపల కొబ్బరికాయ పగిలింది. ఎవరో నవ్వారు. ఊదుబత్తి పొగ గేటు దాకా వచ్చింది. నిన్న సాయంత్రం భట్టీ తలుపుకు పట్టిన మసి అంతా గీకి, తడిగుడ్డతో తుడిచి, అద్దంలా చేసిపెట్టి పోయింది తనే. తుడవడానికి అడ్డం రాని దోషం దండం పెట్టడానికి వచ్చింది.

చాలాసేపటికి, షెడ్డులో తనతో పనిచేసే గోపమ్మ విస్తరాకు ముక్కలో శనగ గుడాలు, కొబ్బరి ముక్క తెచ్చి ఒళ్లో పెట్టింది.

"తిను పిల్లా. అరిష్టం కడుపుకు లేదట."

స్వరూప నవ్వలేదు. గుడాలు తిని, చేతులు దులుపుకుని ఇంటికి పోయింది.

*

పండుగ పోయాక షెడ్డు తెరిచారు.

కల్వకుర్తి అంచున, పాత పత్తి గోదాములో నడిచే ఆ షెడ్డులో తయారయ్యేవి ఎగుడుదిగుడు పళ్లను సర్దడానికి డాక్టర్లు కట్టే తీగలు. నికెలూ టైటానియమూ కలిపిన తీగ అది. చీపురు పుల్లకన్నా సన్నం. మామూలు ఇనుప తీగను వంచితే వంగినట్టే ఉంటుంది. దీన్ని రెండు కొనలూ కలిసేదాకా వంచి వదిలితే, ఏమీ జరగనట్టు మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. ఆ గుణాన్ని చదువుకున్నవాళ్లు ఏమంటారో గానీ షెడ్డులో 'జీవం' అంటారు.

ఆ జీవం ఊరికే రాదు. గోపమ్మా మిగతా ఆడవాళ్లూ తీగను ముక్కలు కోసి, గుర్రపు నాడా లాంటి ఉక్కు అచ్చులకు బిగిస్తారు. ఆ అచ్చులను భట్టీలో, అంటే కరెంటు కొలిమిలో, పెట్టాలి. మీటరు మీద ఎర్ర అంకెలు ఐదువందల డిగ్రీలు చూపిస్తుండగా అలారం మోగేదాకా కొద్ది నిమిషాలు ఉంచి, పట్టకారుతో తీసి, టక్కున నీళ్ల తొట్టిలో వేయాలి. వేడి చాలకపోతే తీగ అచ్చు మాట వినదు, విప్పగానే ఎటో లేస్తుంది. ఎక్కువైతే అచ్చు మాట వింటుంది గానీ జీవం పోతుంది. వంచితే వంగిన చోటే పడి ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న సన్నని సందులోనే షెడ్డు బతుకుతోంది.

బోనాల పండుగ నుంచి భట్టీ స్వరూప చేతిలో ఉంది. అంతకుముందు బుచ్చయ్య బామ్మర్ది బాలకృష్ణ చూసేవాడు. భట్టీని తక్కువ, ఫోన్‌ను ఎక్కువ చూసేవాడు. కాలిన తీగలు కుప్ప పడ్డాక బుచ్చయ్య పంటి బిగువున స్వరూపను నిలబెట్టాడు. అప్పటినుంచి కల్వకుర్తి సంతలో కూరగాయల వాళ్లు కూడా ఆమెను 'భట్టీ స్వరూప' అంటున్నారు. అంతకుముందు ఆమెను ఫలానావాడి పెండ్లాం అనేవాళ్లు. వాడు పోయాక, ఆ పోయినవాడి పెండ్లాం అనేవాళ్లు. తన పేరు తన పనితో కలిపి వినబడడం ఆమెకు ఈ వయసులో కొత్త. వంకాయలు ఏరుకుంటూ ఆ పిలుపు కోసమే ఒకటికి రెండు కొట్ల ముందు ఆగేది.

పండుగ తర్వాత షెడ్డు తెరిచిన ఆ రోజు మొదటి వాయి తీసి నీళ్లలో వేసి, అచ్చు విప్పి చూసి ఆమె నొసలు ముడుచుకుంది.

రంగు వేరేగా ఉంది. రోజూ తీగ దోరగా వేగిన రంగులో, లేత బంగారం లాగా వస్తుంది. ఇది నీలం దాటి బూడిద రంగుకు పోయింది. రెండు కొనలూ కలిపి వంచి వదిలింది. నడుం పట్టిన ముసలాయన మంచం మీంచి లేచినట్టు తీగ సగం దాకా లేచి అక్కడే ఆగిపోయింది.

మీటరు చూసింది. ఐదువందలు.

రెండో వాయి పెట్టింది. కళ్లార్పకుండా అంకెల వైపే చూస్తూ నిలబడింది. అంకెలు కదలలేదు. తీగ మళ్లీ బూడిదే.

"సేటూ, భట్టీ ఎక్కువ కాలుతాంది."

బుచ్చయ్య వచ్చాడు. తీగను వేళ్ల మధ్య వంచాడు. అది వంగి, వంగినట్టే ఉంది. ఆయన ముఖం కూడా అలాగే ఉండిపోయింది.

"మీటర్ల ఎంతుంది?"

"అయిదొందలే సూపిస్తాంది. కని తీగ రంగు సూడు."

"మీటరు అయిదొందలంటాంది, నీ కండ్లేమో ఎక్కువంటున్నయి. ఎవ్వల మాట ఇనాలె నేను? కరెంటు మిషినుదా, నీదా?"

"తీగది ఇను సేటూ. గది సక్కగనే చెప్తాంది గద."

వెనక నుంచి బాలకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "ఇన్నొద్దులు మంచిగనే ఉండె బావా. పూజ అయినంక ఫస్టు చెయ్యి ఎవ్వలది పడ్డదో సూడు. నేనేమంట లేను. ఊకె సూడుమంటున్న."

ఆ మాట షెడ్డంతా తిరిగింది. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కందికాయలు ఒలుస్తున్న గోవిందమ్మ చెవిన కూడా పడింది. ఆమె తల పైకెత్తలేదు.

శనివారం హైదరాబాదు నుంచి కంపెనీ మేడం వస్తుంది. తీగలు కొనేది వాళ్లే. ఆమె పరీక్షలో ఈ సరుకు తప్పితే ఆర్డరు ఇంకెక్కడికో పోతుంది. బుచ్చయ్య అటూ ఇటూ తిరిగాడు. చివరికి స్వరూప ముఖం చూడకుండా తొట్టి వైపు చూస్తూ చెప్పాడు.

"మేడం వచ్చెదాక బాలకృష్ణ సూస్తడు. నువ్వు గోపమ్మ తాన కూసొని తీగలు కట్టు."

"వచ్చి పోయినంక?"

"ఖరాబన్నదనుకో, ఇగ గాడనే కూసోవాలె నువ్వు. నేనేం జెయ్య? నా షెడ్డు నడవాలె గద."

స్వరూప చేతి తొడుగులు విప్పి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి, బాలకృష్ణకు ఇచ్చింది. అవి అతని చేతులకు చిన్నవయ్యాయి.

*

బల్ల దగ్గర కూర్చుంటే భట్టీ వీపు వెనక ఉంటుంది. చూడకపోయినా ఆమెకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. తలుపు తెరిచిన చప్పుడు, తొట్టిలో అచ్చు పడ్డ 'చుయ్' మన్న చప్పుడు, ఆ తర్వాత బాలకృష్ణ నోట్లోనే అనుకున్న బూతు.

అతని చేతికీ తీగ బూడిదే వచ్చింది. దాంతో అలారం మోగకముందే తీయడం మొదలుపెట్టాడు. కొన్ని లేచాయి. కొన్ని పడుకున్నాయి. కొన్ని ఒక కొన లేచి, ఇంకో కొన పడుకున్నాయి. లేచినవి ముందు వరసలో పేర్చి, పడుకున్నవి గోనెసంచి కింద పెట్టాడు.

"సూస్తివా బావా? జర లైనుకొస్తాంది," అన్నాడు బుచ్చయ్యతో.

అతని చేతిలో చెడితే భట్టీ లైనుకు వస్తున్నట్టు. ఆమె చేతిలో చెడితే అరిష్టం.

శుక్రవారం మధ్యాహ్నం బువ్వ తిన్నాక గోపమ్మకు హుషారొచ్చింది. ఆమె చేతులు అచ్చుకు తీగ బిగిస్తూనే ఉంటాయి, నోరు ఊరంతా తిరిగొస్తుంది.

"నువ్వు సూడాల్సుండె పిల్లా ఆ పూజ. ముసలామె ఒక్క సామాను ఇడిసిపెట్టలే. పట్టకారుకు బొట్టు, తొట్టికి బొట్టు, ఆఖరుకు ఫ్యాను రెక్కలకు గూడ బొట్టు. నన్ను కదలకుంట నిలవడితే నాక్కూడ పెడుతుండె."

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు.

"భట్టీ ఎన్క గుచ్చి ఉంటది సూడు, ఏడిని సూసే కడ్డీ? గది గూడ గుంజుమన్నది. 'లోపలుండి కట్టం జేసేది గదేనాయె, దానికి నీళ్లు పొయ్యకుంటె ఎట్ల' అన్నది. మా కాలంల నాగలి కర్రు గూడ ఊడదీసి కడిగెటోళ్లం, పైపైన తుడిస్తె పూజెట్లయితది అన్నది. ఇగ బాలకృష్ణ గుంజిండు. పసుపు నీళ్లు పోసిరి, కింది నుంచి మీది దాక బొట్లు పెట్టిరి. పెండ్లిపిల్లే అనుకో."

స్వరూప వేళ్లు ఆగిపోయాయి. వదులైన తీగ కొన ఎగిరి బొటనవేలికి గుచ్చుకుంది. ఆమె పట్టించుకోలేదు.

"మల్ల గుచ్చిందెవలు?"

"గాయ్నే. దండం పెట్టి గుచ్చిండు. మీదికెల్లి నీ బంతిపూల దండే ఏసిరి."

"ఎంత లోపలికి గుచ్చిండక్కా?"

"నాకేమెరుక? నేనేమన్న కొలిచిన్నా? ఏందే, మొఖం గట్ల పెట్టినవు?"

స్వరూప లేచి భట్టీ వెనక్కి పోయింది. గోడకూ భట్టీకీ మధ్య మనిషి పక్కకు తిరిగి పట్టేంత సందు. బంతిపూల దండ ఎండి నల్లబడి, కడ్డీ ఉండే చోటును పూర్తిగా కప్పేసి వేలాడుతోంది. ఆ కడ్డీ కొన భట్టీ నడి మధ్యలో ఉండాలి. అది అక్కడి వేడిని మీటరుకు చెబుతుంది. చాలకపోతే మీటరు కరెంటు పెంచుతుంది, చాలితే ఆపుతుంది. కొన మధ్యలో కాకుండా ఇటుక గోడలోనే ఆగిపోతే అది చెప్పేది గోడ సంగతి. లోపల వేడి ఎంతున్నా, గోడ ఇంకా చాలలేదంటుంది.

ఆమె దండ వైపు చెయ్యి చాపింది.

"ఓ! ఓ! దండ ముట్టకు!" బాలకృష్ణ పట్టకారుతోనే పరిగెత్తుకొచ్చాడు. "అదంతట అదే రాలాలె. అత్తమ్మకు తెలిస్తె సంపుతది."

"దండ తియ్య తమ్మీ. జర పక్కకనుకొని కడ్డీ సూస్త."

"సూసేటందుకేమున్నది? మీటర్ నడుస్తనే ఉంది గద. నువ్వు ముట్టిన తర్వాత ఇంకేదన్న ఖరాబయితే నాది పూచీ గాదు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. బల్ల దగ్గరికి వచ్చి గోపమ్మ చెవిలో సంగతి చెప్పింది. గోపమ్మ మొదట నోరు తెరిచింది, తర్వాత గట్టిగా మూసింది.

"నువ్వు నోరెత్తకు. పూజతోని భట్టీ ఖరాబయింది అన్నవనుకో, భట్టీ కాదు, ఈ బల్ల గూడ ఉండదు నీకు. మొగుడు లేని మనిషి పూజకు వంకలు పెట్టింది అంటరు."

"ముసలామెకు ఉన్నడా మొగుడు?"

"ఆమెకు కొడుకున్నడు. కొడుక్కు షెడ్డున్నది," అని గోపమ్మ మళ్లీ తీగ అందుకుంది.

*

శనివారం పొద్దున స్వరూప తిన్నగా గోవిందమ్మ కుర్చీ ముందుకు పోయి కింద కూర్చుంది. ముసలామె చేటలో కందులు చెరుగుతోంది. స్వరూప అడక్కుండానే చెయ్యి పెట్టి పొల్లు గింజలు ఏరడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఒకటి అడుగుత. గుండిగెల అన్నం ఉడికిందో లేదో నువ్వెట్ల సూస్తవు?"

గోవిందమ్మ వింతగా చూసింది. "మెతుకు పిసికి సూస్త. నీకు తెల్వదా?"

"అంచు మెతుకా, నడిమి మెతుకా?"

"అంచుది సూస్తె ఏం తెలుస్తది? నడుమ గంటె పెట్టి తియ్యాలె. అంచుది పలుకు మీదుంటది, దాన్ని సూసుకుంట కూసుంటె అడుగు మాడి బొగ్గయితది."

"మన భట్టీల గదే అయితాంది అవ్వా."

చేట ఆగింది.

"ఏడి సూసే కడ్డీ నడుమల లేదు. అంచుకున్నది. గది అంచు మెతుకు పిసికి, ఇంక ఉడకలే, ఇంక ఉడకలే అంటాంది. లోపల తీగ మాడిపోతాంది."

"అంటె..." గోవిందమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "పూజనాడు గుంజింది తప్పంటవు. పూజకే వంక పెడుతున్నవు."

"పూజ తప్పనలే. గుంజినందుకు తప్పనలే. మల్ల గుచ్చేటప్పుడు నిండుగ గుచ్చలే అంటున్న. నేనాడ లేను, నాకు తెల్వది. నువ్వున్నవు. నువ్వే జెప్పు."

గోవిందమ్మ చేట కింద పెట్టింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, చిన్నగా నడుచుకుంటూ భట్టీ వెనక్కి పోయింది. బాలకృష్ణ ఏదో అనబోతే చేత్తోనే ఆపింది. సందులో ఒదిగి నిలబడి, ఎండిన దండను తన చేతులతోనే ఎత్తి పట్టుకుంది.

కడ్డీ జానెడు బయటికి ఉంది. ఎన్నాళ్లుగానో లోపల కాలి నల్లబడ్డ భాగమంతా బయట కనబడుతోంది. దాని మీద పసుపు మరకలు, కుంకుమ బొట్లు వరసగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నిండుగా లోపల ఉంటే ఆ బొట్లు ఆనాడే కాలిపోవలసింది.

"బుచ్చా!" అని కేకేసింది ముసలామె.

బుచ్చయ్య ఒక్కడే రాలేదు. అప్పుడే కారు దిగిన కంపెనీ మేడం ప్రణీత కూడా అతని వెంట వచ్చింది. చేతిలో నల్ల పెట్టె. ముప్ఫై ఏళ్లుండవు. కడ్డీని చూసి, మీటరును చూసి, "ఎవరూ ఏం కదపకండి," అంది. "భట్టీ ఆన్‌లోనే ఉందిగా? ఇప్పుడెంత చూపిస్తోంది?"

"అయిదొందలు," అన్నాడు బాలకృష్ణ.

"లోపలికి నెట్టండి."

బాలకృష్ణ బావ వైపు చూశాడు. బుచ్చయ్య తల్లి వైపు చూశాడు. గోవిందమ్మ దండ పట్టుకునే ఉంది. "స్వరూపా," అంది. "నువ్వు రా."

స్వరూప తొడుగుల కోసం చెయ్యి చాపింది. బాలకృష్ణ విప్పి ఇచ్చాడు. ఆమె సందులోకి పోయి, గోవిందమ్మ భుజం పక్కన నిలబడి, కడ్డీని పట్టుకుని మెల్లగా తిప్పుతూ నెట్టింది. కొంచెం పోయి ఏదో అడ్డం తగిలింది. ఇక్కడే వాడు చాల్లే అనుకుని ఉంటాడు. ఆమె కాస్త వెనక్కి లాగి, వాలు మార్చి, మళ్లీ నెట్టింది. కడ్డీ మెడ దాకా దిగింది.

ముందువైపు అందరి కళ్లూ మీటరు మీద ఉన్నాయి.

ఐదువందలు కాసేపు కదలలేదు. తర్వాత ఎర్ర అంకెలు పైకి జరగడం మొదలుపెట్టాయి. ఐదువందల ఇరవై. అరవై. ఆరువందలు దాటాయి. బుచ్చయ్య నోరు తెరుచుకుంది. ఆరువందల నలభై దగ్గర అంకెలు ఊగిసలాడి నిలబడ్డాయి.

"అమ్మో," అంది గోపమ్మ బల్ల దగ్గర నుంచే. "మాడిపోక ఏమయితది?"

ప్రణీత తల ఊపింది. "ఇంత వేడికి తీగ మెత్తబడిపోతుంది. ఇగ తిరిగి లేవదు. తీగ మంచిదే, పని కూడా మంచిదే. భట్టీకి మాత్రం అబద్ధం చెప్పారు."

"ఎవడ్రా గుంజింది దాన్ని?" బుచ్చయ్య గొంతు షెడ్డు రేకులకు తగిలింది.

బాలకృష్ణ నేల చూశాడు.

"నేనే గుంజుమన్న," అంది గోవిందమ్మ సందులోంచి బయటికి వస్తూ. ఎండిన బంతి రెక్కలు ఆమె చీరకు అంటుకుని ఉన్నాయి. "వీడు గుంజిండు, వీడే గుచ్చిండు. గీమెను గేటు కాడ నిలవెట్టింది గూడ నేనే. ఈడ ఉండి ఉంటె గా పొద్దే పట్టుకుంటుండె."

కొడుకు ముందు, కొనడానికి వచ్చిన మేడం ముందు, కూలి మనుషులందరి ముందు అంది. గొంతు తగ్గించలేదు. స్వరూప తొడుగులు సర్దుకుంది.

*

తలుపు ఓరగా తీసి భట్టీని చల్లార్చారు. అంకెలు దిగివచ్చి ఐదువందల దగ్గర కుదురుకున్నాక స్వరూప వాయి పెట్టింది. ఎవరూ పనిలోకి పోలేదు. పొమ్మని ఎవరూ అనలేదు. అలారం మోగింది. అచ్చు నీళ్లలో పడి బుస కొట్టింది.

ఆమె అచ్చు విప్పి చూసింది. లేత బంగారం.

రెండు కొనలూ పట్టి వంచింది. కలిశాయి. వదిలింది. తీగ చేతిలోంచి ఎగిరి బుచ్చయ్య చొక్కాకు తగిలి కింద పడింది. గోపమ్మ ఈల వేసింది. ఆ వయసులో ఆమెకు ఈల వచ్చునని షెడ్డులో ఎవరికీ తెలియదు.

ప్రణీత పెట్టె తెరిచి, చిన్న యంత్రంలో తీగను బిగించి లాగింది. పక్కనున్న తెర మీద గీత పైకి లేచి, చదునుగా పరిగెత్తి, వదలగానే కిందికి దిగి, ఇంకో చదును దారిలో వెనక్కి వచ్చి, బయలుదేరిన చోటే ఆగింది. తర్వాత బాలకృష్ణ ముందు వరసలో పేర్చిన తీగ ఒకటి పెట్టింది. గీత పైకి పోయింది, వెనక్కి వస్తూ వస్తూ సగం దారిలోనే కూలబడింది.

"చూశారా? అది ఇంటికొచ్చింది. ఇది తొవ్వలోనే ఉండిపోయింది." ప్రణీత బుచ్చయ్య వైపు తిరిగింది. "పండుగ తర్వాత చేసినవన్నీ తీసెయ్యండి. నాకు ఇట్లాంటివే కావాలి. ఈమె చేతివే పంపండి, ఆర్డరు మీకే ఉంటుంది."

బుచ్చయ్య చొక్కా సర్దుకున్నాడు. గోడకు చెప్పినట్టు, "సరె స్వరూపా. సోమారం నుంచి మల్ల నువ్వే భట్టీ కాడ నిలవడు," అన్నాడు.

"సోమారమెందుకు సేటూ? ఇప్పుడు నేనేం జేస్తున్న?"

ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. గోవిందమ్మ కూడా పళ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుచ్చయ్య నవ్వాలో కోప్పడాలో తేలక రెండూ మానేశాడు.

గోపమ్మ తీగలు బిగించిన కొత్త అచ్చులు తెచ్చి పక్కన పెట్టింది. స్వరూప పట్టకారు అందుకుని చూస్తే భట్టీ ముందు జాగా లేదు. షెడ్డంతా అక్కడే నిలబడి ఉంది.

"జర జరుగుండ్రి. తలుపు తీస్తున్న."

జరిగారు. మేడం పెట్టె ఎత్తుకుని జరిగింది. గోవిందమ్మ గోడ పక్కకు జరిగింది. బాలకృష్ణ మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మధ్యలోనే నిలబడ్డాడు.

"తమ్మీ, తొట్టిల నీళ్లు కాగినయి," అంది స్వరూప. "పారబోసి సల్లటియి నింపు. ఏడి నీళ్లల్ల ముంచితె తీగ ఒక్కతీరుగ రాదు."

అతను బావ వైపు చూశాడు. ఏదన్నా అంటాడేమోనని షెడ్డంతా బుచ్చయ్య వైపు చూసింది.

బుచ్చయ్య చొక్కా చేతులు పైకి మడిచి, గోడ దగ్గరున్న బకెట్ ఒకటి తనే అందుకుని బయట నల్లా వైపు నడిచాడు. రెండోది బాలకృష్ణ ఎత్తుకున్నాడు. అప్పటికే స్వరూప భట్టీ తలుపు తీసేసింది.